కారు స్నానం

కారు కొనడానికి బ్యాంకు వాళ్ళు అప్పిస్తారు. కడగడానికి కావలసిన బుద్ధి మాత్రం ఎవరూ అప్పివ్వరు. అది సొంతంగా సంపాదించుకోవలసిందే!

మాది నల్ల కారు. కొన్న కొత్తల్లో మా ఆవిడ అందులో చూసుకుని తల సవరించుకునేది. ఏడాది తిరిగేసరికి, ఎండ పడితే చాలు, ఒళ్ళంతా సాలెగూడు లాంటి గీతలు! రోజూ కడిగే వాచ్‌మన్ కొడుకుని పిలిచి నాలుగు మాటలన్నాను. "నేను నీళ్ళు పోసే తుడుస్తానండీ" అన్నాడు వాడు. నమ్మలేదు. మాన్పించేశాను.

ఆదివారం నేనే పంచె ఎగ్గట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో గిన్నెలు తోమే సబ్బు రుద్ది, బోరు నీళ్ళు గుమ్మరించాను. ఆరాక చూద్దును కదా, విభూతి పూసినట్టు తెల్లమచ్చలు!

పెయింటింగు షెడ్డు మేస్త్రీ నవ్వాడు. "గిన్నెల సబ్బు జిడ్డుతో పాటు మైనం పూతనీ ఊడ్చేస్తుంది సార్. కారు షాంపూ వాడండి. నీడలో పెట్టి, ముందు వట్టి నీళ్ళతో దుమ్ము జార్చండి. షాంపూకో బకెట్టు, గుడ్డ జాడించడానికో బకెట్టు. బోరు నీళ్ళు ఆరేలోగా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దేయండి" అన్నాడు. ఆ గీతలు చూసి, "పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ఇంతే" అన్నాడు.

గతుక్కుమన్నాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే పాత తువ్వాలుతో ముద్దుముద్దుగా తుడిచేది ఎవరనుకున్నారు? నేనే!

మర్నాడు కుర్రాణ్ణి పిలిచి, తప్పు నాదేనని ఒప్పుకుని, కొత్త బకెట్లు రెండూ చేతికిచ్చాను.

"ఫరవాలేదండీ. ఆ తువ్వాలు కూడా ఇలా ఇచ్చేయండి" అన్నాడు.