నాన్న కోసం ఒక డ్యాక్



ఈ పేజీలో టీచర్లం సాధారణంగా పరీక్షల గురించో, హోంవర్క్ గురించో రాస్తుంటాం. ఈ నెల నచ్చిన విషయం రాసుకోవచ్చన్నారు కాబట్టి నేను డ్యాక్ గురించి రాస్తున్నాను. డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. పేరు పెద్దదే కానీ, మీ ఫోన్‌లో, టీవీలో, ల్యాప్‌టాప్‌లో అది ఇప్పటికే ఉంది. ఫైల్‌లో అంకెలుగా ఉన్న పాటను స్పీకరుకు పనికొచ్చే విద్యుత్ సిగ్నల్‌గా మార్చడం దాని పని. ఆ ఒక్క పని కోసమే తయారుచేసిన పెట్టెలు వెయ్యి రూపాయల నుంచి లక్షల దాకా దొరుకుతాయి. స్కూటీ కోసమని పాడిన చీటీ డబ్బుతో నేను అలాంటి పెట్టె ఒకటి కొన్నాను. స్టాఫ్ రూమ్‌లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మా నాన్న ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో పనిచేశారు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయనకు రేడియో ఉండాలి. పొద్దున ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి భక్తిరంజనితోనే మా ఇంట్లో కాఫీ మొదలయ్యేది. అలాంటి మనిషి రెండేళ్లుగా పాటలు పెట్టమని అడగడం మానేశారు. "ఈ రికార్డింగులన్నీ పాడైపోయాయమ్మా, అంతా గోలగా ఉంది" అనేవారు. సౌండ్ పెంచితే గోల, తగ్గిస్తే మాట తెలియదు. చెవులు చూపించుకుందాం నాన్నా అంటే "నాకేమన్నా చెవుడా?" అని కోపం. సరే, ముందు రికార్డింగ్ సంగతే తేల్చుకుందామనుకున్నాను.

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసిపెడతారు. ఒక్కో కొలత 16 బిట్ల అంకె, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు. ఆ చుక్కల మధ్య ఖాళీల్లో సంగీతం పోతుందని, డిజిటల్ శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సెకనుకు ఎన్నిసార్లు కొలిచామో అందులో సగం కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ఏ శబ్దాన్నయినా ఆ చుక్కల నుంచి తిరిగి నున్నటి గీతగా గీయవచ్చు. గ్రాఫ్ పేపరు మీద ఆ చుక్కలన్నిటి గుండా పోయే గీత ఒకటే ఉంటుంది. 44,100లో సగం 22,050. మంచి చెవి ఉన్న కుర్రవాళ్లకైనా 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు. కాబట్టి నలభై ఏళ్ల కిందటి సీడీ లెక్క మనిషి చెవికి ఇప్పటికీ సరిపోతుంది.

ఆ గీతను గీయడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. ఒకటి రెసిస్టర్ల నిచ్చెన, ఆర్-టూ-ఆర్ అంటారు. రెసిస్టర్లు అతి కచ్చితంగా సరిపోలాలి కాబట్టి ఖరీదు ఎక్కువ. రెండోది డెల్టా సిగ్మా. కొద్ది బిట్లనే అతి వేగంగా ఆడించి, పుట్టిన రొదను చెవికి అందని ఫ్రీక్వెన్సీల్లోకి నెట్టేస్తుంది. ఈ రోజు మనం వినే పరికరాల్లో ఎక్కువ వాటిలో ఉన్నది ఇదే. ఇలాంటి చిప్‌లు చేసే కంపెనీలు ఎంత తక్కువంటే, 2020 అక్టోబరులో జపాన్‌లోని ఏకేఎమ్ ఫ్యాక్టరీ తగలబడితే ప్రపంచమంతా ఆడియో కంపెనీలు తమ డిజైన్లు మార్చుకోవాల్సి వచ్చింది.

మా బాబాయి దగ్గర లక్షన్నర పెట్టి కొన్న నిచ్చెన రకం డ్యాక్ ఉంది. దాన్ని నెల రోజులకు అడిగి తెచ్చుకున్నాను. పక్కన తొమ్మిది వేల చిన్న డ్యాక్ పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండింటిలో ఏది కాస్త గట్టిగా మోగినా మన చెవి దానికే మార్కులు వేస్తుంది. మామూలు ఆర్‌సీఏ అవుట్‌పుట్ 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ తరచుగా 4 వోల్టులు. వోల్టేజి రెట్టింపైతే 6 డెసిబెల్స్ తేడా. షోరూమ్‌లో ఈ తేడా సరిచేయకుండా వినిపిస్తే ఖరీదైనదే గెలుస్తుంది. నేను 1,000 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటరుతో రెండింటి వోల్టేజీ సమానం చేశాను. తర్వాత మా తమ్ముడు నాకు కనపడకుండా కేబుళ్లు మార్చాడు. ఏది ఏదో నేను చెప్పాలి. 20 సార్లలో 11 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది. బాబాయికి ఈ లెక్క నచ్చలేదు. ఆ డ్యాక్ చేతికి ఇచ్చే తృప్తి, దాని బరువు, ఆ నాబ్ తిరిగే తీరు నేను కాదనను. వాటికి డబ్బు పెట్టడం వాళ్ల ఇష్టం.

అయితే ఆ పరీక్షలో నేను వెతకనిది ఒకటి బయటపడింది. టోన్లు పెడుతుంటే నాన్న కూడా వచ్చి కూర్చున్నారు. 1,000 హెర్ట్జ్ విన్నారు. 2,000 విన్నారు. 4,000 పెట్టగానే "పెట్టలేదేం?" అన్నారు. మా తమ్ముడు చెవులు మూసుకున్నాడు, అంత గట్టిగా ఉంది. నాన్న మా ఇద్దరి మొహాలూ చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు ఆయనే చొక్కా వేసుకుని "పద, ఆ డాక్టర్ దగ్గరికి" అన్నారు.

ఆడియోగ్రామ్‌లో 3,000 హెర్ట్జ్ దగ్గర గీత దిగడం మొదలై 4,000 దగ్గర గుంటలో పడింది. ఎడమ చెవి ఇంకా తక్కువ. ఏళ్ల తరబడి పెద్ద రొదలో పనిచేసినవాళ్లకు ఇలాగే ఉంటుందని చెప్పారు. హియరింగ్ ఎయిడ్ వాడమన్నారు. నాన్న వద్దన్నారు.

అప్పుడు నాకు ఏ డ్యాక్ కావాలో తెలిసింది. స్పష్టత కోసం లక్షలు అక్కర్లేదు, అది తొమ్మిది వేలకే వస్తోంది. నాకు కావాల్సింది కుడి ఎడమ చెవులకు వేర్వేరుగా దిద్దుకోగల ఈక్వలైజర్, అదీ ల్యాప్‌టాప్ లేకుండా. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనూ ఇది చేయవచ్చు, మీకు కంప్యూటర్ అలవాటైతే అదే చేయండి. మా నాన్న మౌస్ ముట్టుకోరు, రిమోట్ మాత్రం వదలరు. అందుకే జర్మనీ కంపెనీ ఆర్‌ఎమ్‌ఈ వాళ్ల ఏడీఐ-2 డ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోపలే అయిదు బ్యాండ్ల ఈక్వలైజర్, హెడ్‌ఫోన్ అవుట్‌పుట్, రిమోట్ ఉన్నాయి.

సరిచేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. ముందుగా గుయ్ మని సన్నటి రొద. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ రొద కూడా దానిదే. ల్యాప్‌టాప్ చార్జరూ డ్యాకూ ఒకే బోర్డుకు పెట్టగానే పోయింది. దయచేసి ఎవరు చెప్పినా ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత విండోస్ సెట్టింగుల్లో శాంపిల్ రేటు పాట ఉన్న 44,100కే మార్చాను, లేకపోతే కంప్యూటర్ మధ్యలో తన లెక్క తను వేసుకుంటుంది. డ్యాక్‌లో షార్ప్, స్లో అంటూ ఫిల్టర్లు చాలా ఉన్నాయి. వాటి తేడా ఎక్కువగా 20,000 హెర్ట్జ్ చుట్టుపక్కల కాబట్టి ఒకటి పెట్టి మర్చిపోయాను.

అసలు పని ఈక్వలైజర్. ఆడియోగ్రామ్‌లో ఎంత తగ్గిందో అంతా పెంచకూడదు. దెబ్బతిన్న చెవికి మెల్లని శబ్దం వినపడదు కానీ గట్టి శబ్దం మనకంటే ఎక్కువగా గుచ్చుకుంటుంది. 3,000 దగ్గర 4 డెసిబెల్స్, 5,000 దగ్గర 5, ఎడమకు ఇంకో 2 పెంచాను. అంత పెంచినప్పుడు మొత్తం సిగ్నల్‌ను ముందే 7 తగ్గించుకోవాలి, లేదంటే పై అంచు తెగి గొంతు బొంగురుపోతుంది. ప్రతి మార్పుకూ నాన్ననే అడిగాను. "మృదంగం బాగుంది, పాడేవాళ్లు దూరం జరిగారు" అంటే ఒకటి తగ్గించడం, మళ్లీ పెట్టడం. మూడో ఆదివారం బాలమురళీకృష్ణ గారి కీర్తన మధ్యలో హెడ్‌ఫోన్ తీయకుండానే చెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. సాహిత్యంలో ఒక మాట ఇన్నాళ్లూ వేరేగా అనుకుంటున్నారట.

ఇది చదువుతూ మీకు మీ పిల్లలు గుర్తొస్తే మంచిదే. నేను చెప్పే ఇంగ్లిష్‌లో ఎస్, ఎఫ్, టీహెచ్ లాంటి శబ్దాలు చాలావరకు ఆ పై ఫ్రీక్వెన్సీల్లోనే బతుకుతాయి. ఫిన్, థిన్ మధ్య తేడా అంతా అక్కడే. డిక్టేషన్‌లో ఇలాంటి మాటలు పదే పదే తారుమారు చేసే బిడ్డను శ్రద్ధ లేదని మందలించే ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించండి. ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు పెట్టిన హద్దు 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. చాలా ఫోన్ల సెట్టింగుల్లో వాల్యూమ్ హద్దు పెట్టే వీలుంది, ఈ రాత్రే చూడండి.

నాన్నకు ఇప్పుడు పాటలు వచ్చాయి కానీ మాటలు ఇంకా అందడం లేదు, అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పలకరు. హియరింగ్ ఎయిడ్ లోపల కూడా ఇదే జరుగుతుంది నాన్నా, మాటను అంకెలు చేసి, మీ చెవికి తగ్గట్టు దిద్ది, మళ్లీ శబ్దం చేస్తుంది అని చెప్పాను. చాలాసేపు ఆలోచించారు. వచ్చే శనివారం ట్రయల్‌కు వస్తానన్నారు. దానికీ రిమోట్ ఇస్తారా అని అడిగారు.