ఇంజను నాడి

వైద్యుడు రోగి చేతిని పట్టుకొని నాడి చూచును. ఎదపై గొట్టము నుంచి గుండె చప్పుడు వినును. యంత్రమునకు నాడి లేదు గాని చప్పుడు కలదు. బాగుగా నున్నంతకాలము ఆ చప్పుడు ఒక తీరుగా నుండును. లోపము కలిగిన నాడు మరియొక తీరుగా మారును. ఆ మార్పును పసిగట్టి, కారణము తెలిసికొని, తగిన మరమ్మతు చేయుటయే మెకానిక్కు విద్య. డీజిల్ ఇంజను విషయమున ఈ విద్య మరింత కష్టమైనది. ఏలయన, ఏ లోపమును లేని డీజిల్ ఇంజను సయితము కొంత తట్టుడు చప్పుడు చేయుచునే యుండును. అందు సహజమైనదేదో, అపాయమును సూచించునదేదో వేరుచేసి తెలిసికొనుట అందరకును సాధ్యము కాదు.

ఈ ఇంజనును కల్పించినవాడు రుడాల్ఫ్ డీజిల్. ఆయన 1858లో పారిస్ నగరమున జర్మను దంపతులకు జన్మించెను. ఆ కాలపు ఆవిరియంత్రములు బొగ్గులోని శక్తిని అధికభాగము వృథాపుచ్చుచుండెడివి. అంతకంటె పొదుపుగా పనిచేయు యంత్రమును నిర్మింపవలెనని ఆయన పూనుకొనెను. 1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున తొలి యంత్రము సిద్ధమైనది గాని, అది తనంత తాను తిరుగజాలదయ్యెను. మార్పులు, పరీక్షలు నాలుగేండ్లు సాగినవి. 1897లో జరిగిన పరీక్షలో ఇంజను జయప్రదముగా పనిచేసినది. ఇంధనములోని శక్తిలో నాలుగవ వంతునకు మించి పనిగా మార్చి చూపినది. 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి.

పెట్రోలు ఇంజనులో విద్యుత్తు వలన పుట్టిన నిప్పురవ్వ ఇంధనమును అంటించును. డీజిల్ ఇంజనులో అట్టి రవ్వ లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట విద్యార్థు లెరిగినదే. డీజిల్ ఇంజనులో పిస్టను గాలిని అంతకంటె ఎంతో గట్టిగా నొక్కి, సుమారు పదునారవ వంతునకు, కొన్నింట ఇరువదవ వంతునకు కుదించును. అప్పుడా గాలి 500 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిలోనికి ఇంజెక్టరు ఇంధనమును సన్నని తుంపరగా చిమ్మును. తుంపర తగిలినంతనే మండదు. రెప్పపాటులో అత్యల్పభాగము ఆలస్యమగును. ఆ లోపల చేరిన ఇంధనమంతయు ఒక్కుమ్మడి మండుటచే ఒత్తిడి హఠాత్తుగా పెరిగి, ‘టక్కు’మని చప్పుడు పుట్టును. ఇది డీజిల్ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన గుణము. చలి ఉదయములందు ఆలస్యము హెచ్చగుటచే చప్పుడును హెచ్చును; ఇంజను వేడెక్కిన కొలది తగ్గును. నేటి కొత్త ఇంజనులు పలువాటిలో ముందుగా కొద్దిపాటి ఇంధనమును చిమ్మి, పిదప మిగిలినదానిని చిమ్ము ఏర్పాటుండుటచే చప్పుడు మెత్తబడినది. పాత ఇంజనులకు అట్టి సదుపాయము లేదు.

సహజమునకు మించి వచ్చు చప్పుళ్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది ఇంధనపు తట్టు. ఇంధనము వేళకు ముందే పడినను, ఇంజెక్టరు నాజిల్ తుంపరగా చిమ్మక చుక్కలుగా కార్చినను ఇది కలుగును. రెండవది లోహపు తట్టు. అరిగిన భాగములు, వదులైన భాగములు ఒకదానినొకటి మోదుకొనుట దీనికి కారణము. ఇందును పలు భేదములు కలవు. వాల్వు టాపెట్ల సందు హెచ్చినచో ‘టిక్కు టిక్కు’మను తేలిక చప్పుడు వచ్చును. అరిగిన పిస్టను సిలిండరు గోడను తట్టు చప్పుడు ఇంజను చల్లగా నున్నప్పుడు హెచ్చుగాను, వేడెక్కిన పిదప తక్కువగాను ఉండును. కనెక్టింగు రాడ్డు క్రింది బేరింగు అరిగినచో బరువైన, మందమైన మోత పుట్టును. ఇంజనుపై భారము పడినకొలది అది పెరుగును. ఈ మోతను ఉపేక్షించుట ప్రమాదకరము. బేరింగు పాడై రాడ్డు తెగినచో, అది ఇంజను పెట్టెనే పగులగొట్టుకొని బయటపడగలదు.

ఒక దృష్టాంతమును గ్రహింపవచ్చును. ఒక రైతు బావికడ పాత డీజిల్ ఇంజను కలదు. అది ఒకే సిలిండరు గలది. ఇరుప్రక్కల రెండు పెద్ద ఫ్లైవీలులతో నిమిషమునకు 650 చుట్లు తిరుగును. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున లిస్టరు కంపెనీవారు తయారుచేసిన ఇట్టి ఇంజనులకు నమూనాలు పిమ్మట మన దేశమున రాజ్‌కోటలోను తయారైనవి. వరి పొట్టమీద నున్నది. ఆ సమయమున ఇంజను ‘ధనధన’మని మోగసాగినది. ఆపినచో పైరు ఎండును. నడిపినచో ఇంజను విరుగునేమోయని భయము. ఇంజెక్టరు మార్చవలెనని ఒకరు, ఇంజను మొత్తము విప్పవలెనని మరియొకరు సలహా చెప్పిరి. రెండింటికిని డబ్బు కావలెను. రెండవదానికి దినములును కావలెను.

పిలువగా వచ్చిన మెకానిక్కు మొదట పనిముట్టును చేతబట్టలేదు, ప్రశ్నలడిగెను. “ఈ చప్పుడు ఎన్నాళ్లనుండి వచ్చుచున్నదండీ? చల్లగా నున్నప్పుడు హెచ్చా, వేడెక్కిన తరువాత హెచ్చా? ఈ నడుమ ఏ భాగమైనను విప్పి బిగించితిరా?” పిదప ఇంజను ఆయిలు మట్టము చూచెను. ఆయిలును వ్రేళ్ల నడుమ రుద్ది చూచెను; బేరింగు అరిగినచో కనబడు మెరిసెడి లోహపు నలుసు లందు లేవు. ఇంజనును నడిపించి, పరుగులో నుండగా ఇంధనము నాపెను. బరువైన చక్రములు తమ ఊపుతో కొంతసేపు తిరుగుచుండెను. చప్పుడు తగ్గెనే గాని ఆగలేదు. ఇంధనము ఆగినంతనే చప్పుడు పూర్తిగా మాయమైయున్నచో ఇంజెక్టరును ముందుగా అనుమానింపవలసి యుండెడిది. అయినను అరిగిన బేరింగు చప్పుడును భారము తగ్గగానే తగ్గును గనుక, ఈ యొక్క పరీక్షతోనే తీర్పు చెప్పరాదు.

1816లో ఫ్రెంచి వైద్యుడు లాయెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపునకు అదియే మూలము. మెకానిక్కు సాధనము అంతకంటె సామాన్యమైనది. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజను పెట్టెకు ఆనించి, పిడిని చెవికి చేర్చి, ఇంజను మరల నడుచుచుండగా ఒక్కొక్క చోట వినెను. తిరుగు చక్రమునకు, బెల్టునకు దూరముగా నిలిచి, కండువాను తీసి ప్రక్కన పెట్టియే ఈ పని చేసెను. ఒక ప్రక్క మెయిన్ బేరింగు వద్ద మోత హెచ్చుగా వినవచ్చెను. బేరింగే అరిగినదని అందరును తలచిరి. కాని లోహము చప్పుడును దూరమునకు మోసికొనిపోవును. వినబడిన చోటనే అది పుట్టెననుట నిశ్చయము కాదు. కావున ఇంజనును విప్పుటకు ముందు వెలుపలి భాగములను పరీక్షింప నెంచి, ఇంజను నాపి, ఆ ప్రక్కనున్న ఫ్లైవీలును రెండు చేతులతో పట్టి ముందు వెనుకలకు కదిపెను. షాఫ్టు కదలకుండ చక్రము కొంచెము కదలెను! చక్రమును షాఫ్టునకు బిగించు కీ వదులైనది. దానిచుట్టును ఒరిపిడివలన రాలిన ఎర్రని పొడి కనబడెను. చక్రపు బొడ్డు పగులలేదని నిశ్చయించుకొని, సరిగా అమరు కొత్త కీ చేయించి బిగగొట్టెను. పంపు భారముతో మరల నడిపి చూడగా మోత లేదు. ఇంజెక్టరు మార్చినను, ఇంజను విప్పినను ధనము వ్యయమై, లోపము మాత్రము అట్లే యుండి, ఏదో యొకనాడు ఆ బరువైన చక్రము ఊడిపడి మనుష్యుల ప్రాణములనే తీసియుండెడిది.

లారీలకు, ట్రాక్టర్లకు సాధారణముగా ఒకటికంటె హెచ్చు సిలిండర్లుండును. పాత ఇంజనులందు దోషమున్న సిలిండరును కనుగొనుటకు, ఇంజను మెల్లగా నడుచుచుండగా, ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టును కొంచెము వదులుచేసి చూతురు. ఏ సిలిండరుకు ఇంధనము తప్పినప్పుడు తట్టు మారునో, ఆ సిలిండరును ముందుగా అనుమానింతురు. ఇది అనుభవజ్ఞులు చేయదగిన పని. ఇంజెక్టరు నుండి వెడలు ఇంధనపు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు గనుక దానికి చేయి అడ్డముపెట్టరాదు.

చప్పుడు ఒక సాక్షి వంటిది. సాక్షి అబద్ధమాడడు; కాని విన్నవారు తొందరపడి అపార్థము చేసికొందురు. కావున తెలిసినవాడు మొదట అడుగును, పిదప చూచును, పిదప వినును, కడపట విప్పును. సులభమైన కారణమును ముందుగా పరీక్షించి, క్రమముగా కష్టమైనదానివైపు సాగును. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితమును చూచును; రెండు మార్పులు ఒకేసారి చేసినచో దేనివలన గుణము కలిగినదో తెలియదు. ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడును, బావిగట్టున కూర్చున్న మెకానిక్కును అనుసరించు మార్గము ఇదియే.