హోసూరులో ఒక కెనిల్‌వర్త్

హోసూరు పేరు చెబితే ఫ్యాక్టరీలు, గులాబీ తోటలు, చంద్రచూడేశ్వరుడి కొండ గుర్తుకొస్తాయి. అదే ఊళ్ళో రామనాయకన్ చెరువు దగ్గర ఒకప్పుడు ఇంగ్లండు కోట లాంటి భవంతి ఉండేదంటే హోసూరు చుట్టుపట్ల మా మొరసునాడు పిల్లలు చాలామంది నమ్మరు. 19వ శతాబ్దం నడుమ, ఈ సీమంతా సేలం జిల్లాలో ఉన్న రోజుల్లో, కలెక్టరు బ్రెట్ దొర దాన్ని కట్టించాడు. వార్విక్‌షైర్‌లోని కెనిల్‌వర్త్ కోటను చూసి కట్టించాడు కాబట్టి ఆ పేరే దీనికీ వచ్చింది.

అసలు కెనిల్‌వర్త్ పాతకాలపు కోటే. 1570లలో రాబర్ట్ డడ్లీ ప్రభువు ఎలిజబెత్ రాణి కోసం దానికి పెద్ద పెద్ద కిటికీల కొత్త భవనాన్నీ, నాలుగు మూలలా ఎనిమిది పలకల బురుజులున్న ముఖద్వారాన్నీ చేర్చాడు. 1575లో రాణి అక్కడ 19 రోజులు విడిది చేసింది.

బురుజులంటే గుర్తొచ్చింది, ఆ కాలపు యూరప్ పెద్ద ఇళ్ళలో మెట్లకు వేరే బురుజు కట్టడం మామూలు. గదుల చోటు పోకుండా, గోడకు ఆనుకున్న బురుజులో మెట్లు చుట్టుకుంటూ పైకి పోతాయి. ఒక్కో మెట్టు ఒకే రాయి. దాని సన్నటి కొసను గుండ్రంగా చెక్కి ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ కొసలే నడిమి స్తంభమవుతాయి. ఎంత తెలివైన పని! దీనికి గండమల్లా బురుజూ గోడా కలిసే సందులోనే. అక్కడ వాన నీరు దిగితే సున్నం వదులవుతుంది, మన దగ్గరైతే రావి విత్తనం పడి దాని వేరు రాళ్ళను విడదీస్తుంది. ఏటేటా ఆ సందు చూసుకునే మనిషి ఉండాలి.

1649లో పార్లమెంటు వాళ్ళు కెనిల్‌వర్త్‌ను పడగొట్టినా ముఖద్వారం మిగిలింది. ఒక సైనికాధికారి అందులో కాపురం పెట్టడమే కారణం. కూలిన భవనంలోనూ 2014లో ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ కొత్త మెట్లు వేసి, రాణి గదుల ఎత్తుకు జనం ఎక్కేలా చేసింది.

మన కోటను అలా కనిపెట్టుకున్నవాళ్ళు లేరు. మిగిలింది శిథిలాలే. పక్కనే తొరపల్లిలో 1878లో రాజాజీ పుట్టిన చిన్న ఇల్లు మాత్రం ప్రభుత్వ స్మారకంగా చక్కగా నిలిచింది. రాయకోట కొండకోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కాబట్టి నిలబెట్టడం మనవాళ్ళకు చేతకాదనుకోనక్కరలేదు. దొర కట్టుకున్నదని వదిలేయడం నాకు న్యాయంగా తోచదు. రాళ్ళు చెక్కిందీ, సున్నం నూరిందీ ఇక్కడి చేతులే.

హోసూరు ఉన్న కృష్ణగిరి 2004లో జిల్లా అయింది, 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. ఇక వాళ్ళే చెరువు దగ్గర తెలుగు, తమిళం, కన్నడాల్లో ఒక బోర్డయినా పెట్టించాలి. మీ ఇంట్లో ఆ కోట పాత ఫోటో ఉంటే పారేయకండి, పెద్దలకు తెలిసింది అడిగి రాసిపెట్టండి.