బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడని బ్రేకులు

తెలుగు రాష్ట్రాల్లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు జనం పెట్టుకున్న పేరు ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరు’. ఆ ఉద్యోగం దేనికోసం ఉందో ప్రజలు ఒక్క మాటలో తేల్చేశారు. అయితే ఆయన చూసేది ఎవరి బ్రేకులు? లారీవి, ఆటోవి, ట్యాక్సీవి, బడి బస్సువి. సొంత కారు బ్రేకుల జోలికి ఆయన పదిహేనేళ్లపాటు రానక్కరలేదు.

ఇందులో ఆయన అలసత్వమేమీ లేదు. చట్టం అమరికే అలాంటిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం బండ్లను రెండు వర్గాలుగా విడదీసింది. కిరాయికి తిరిగే బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ‘ఎఫ్‌సీ’ చేయించుకోవాలి. సొంత బండికి మాత్రం రిజిస్ట్రేషనే సర్వస్వం. అది 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ గడువు తీరాక బండిని చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఒకప్పుడు కొత్త కారును రిజిస్ట్రేషన్ నాడైనా రవాణా కార్యాలయానికి తీసుకెళ్లవలసి వచ్చేది. 2019 సవరణతో, అధీకృత డీలరు దగ్గర కొన్న బండికి ఆ మొదటి చూపు కూడా అక్కరలేకుండా పోయింది.

కారు చేతులు మారకపోతే, రాష్ట్రం దాటకపోతే, గ్యాస్ కిట్టు బిగించకపోతే, ఈ పదిహేనేళ్లలో ఇన్‌స్పెక్టరు దానిని పరీక్షించే సందర్భం దాదాపు ఒక్కటే. అది ఎవరినైనా గుద్దిన తర్వాత. ప్రమాదం జరిగిన బండిని పరిశీలించి నివేదిక ఇవ్వడం ఆయన విధి. మనిషి పోయాక చూడటానికి ఉన్న ఏర్పాటు, పోకముందు చూడటానికి లేదు.

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండగానే పరీక్ష మొదలవుతుంది, ఆపైన ఏటా ఉంటుంది. జర్మనీ, జపాన్‌లలో తొలి పరీక్ష మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి. ఐరోపా సమాఖ్య కనీస నియమం నాలుగేళ్లకు మొదటిది, ఆపైన రెండేళ్లకోసారి. అందరిదీ ఒకే దారి అనలేము. అమెరికాలోని టెక్సస్ 2025 జనవరి 1 నుంచి సొంత కార్ల భద్రతా తనిఖీని పూర్తిగా ఎత్తివేసింది. ఎన్నేళ్లకోసారి అన్నదాని మీద సభ్య దేశాల్లోనూ భేదాభిప్రాయం ఉందన్నమాట. కానీ ఆ దేశాల్లో అది చట్టసభల్లో చర్చకు వచ్చిన విషయం. మన పార్లమెంటును ఏళ్ల తరబడి గమనిస్తున్న నాకు, పదిహేనేళ్ల గడువు భద్రతకు సరిపోతుందా అని ఏ పక్షమూ పట్టుబట్టి నిలదీసిన సందర్భం గుర్తు లేదు. జీవితకాల పన్ను ఒకేసారి కట్టేశాక మధ్యతరగతి ఓటరును మళ్లీ కార్యాలయం మెట్లు ఎక్కించడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

ధైర్యం లేని ప్రభుత్వాలు వయసును ఆశ్రయించాయి. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025 జులై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో అలాంటి బండ్లకు ఇంధనం పోయవద్దన్నారు. వారం తిరగకముందే ఢిల్లీ ప్రభుత్వమే దానిని ఆపమని కోరింది. ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది. ఈ గొడవంతటిలో ఏ ఒక్క కారు బానెట్టూ ఎవరూ తెరిచి చూడలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి డీజిల్ కారు పదేళ్లలో నలభై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. నెలకోసారి ఆసుపత్రికి, పండక్కి కూతురింటికి. అది చట్టం దృష్టిలో కాలం తీరిన బండి. పక్క వరుసలో నాలుగేళ్ల కారు ఒకటి ఉంది. దాని ముందు టైర్లు అరిగి అరచేతిలా నున్నబడ్డాయి, ఒక బ్రేకు దీపం వెలగదు. అది నిండు యవ్వనంలో ఉన్న బండి. పుట్టిన తేదీని చూసి ఆరోగ్యం చెప్పే వైద్యుడి దగ్గరికి మనలో ఎవరైనా వెళతామా?

2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. పాత బండిని వదిలించుకునేలా చేయడమే దీని ఉద్దేశం. ఖరీదు పెరిగినంత మాత్రాన బ్రేకు పట్టదు. డబ్బున్నవాడు కట్టి నడుపుతాడు, లేనివాడు కట్టకుండా నడుపుతాడు.

తనిఖీ పెడితే లంచం పెరుగుతుందన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. బీఎస్-4, ఆ తర్వాతి కార్లకు కాలుష్య ధ్రువపత్రం ఏటా తీసుకోవాలి. గత శీతకాలం నేను వెళ్లిన కేంద్రంలో కుర్రవాడు నంబరు పలక ఫోటో తీసి కాగితం అచ్చువేసి ఇచ్చాడు. పొగ గొట్టంలో గొట్టం పెట్టమన్నాను. యంత్రం బాగులేదన్నాడు. ఇది ఒక్క కేంద్రం సంగతి కాదు. హద్దు మీరి పొగ వదిలిన లక్షకు పైగా వాహనాలకు ధ్రువపత్రాలు ఇచ్చారని, ఒకే కేంద్రంలో ఒకే సమయాన ఒకటికి మించిన బండ్లను పరీక్షించినట్లు నమోదైందని 2025లో ఢిల్లీ శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. 2018లో ఢాకా విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చి బండ్లను ఆపి కాగితాలు అడిగితే, మంత్రుల, పోలీసుల వాహనాలు కూడా దొరికిపోయాయి. అక్కడా నియమాలకు కొరత లేదు. లేనిది అమలు.

ప్రమాదాలకు ప్రధాన కారణం అతివేగమని కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికలు చెబుతున్నాయి. 2022లో రోడ్ల మీద మరణించిన 1,68,491 మందిలో పదింట ఏడుగురి మరణం ఆ పద్దులోనే పడింది. నిజమే కావచ్చు. కానీ వేగంగా వస్తున్న బండి మనిషికి అడుగు దూరంలో ఆగుతుందా, అడుగు దాటి ఆగుతుందా అన్నది టైరు, బ్రేకు నిర్ణయిస్తాయి. నుజ్జయిన కారులో అంతకుముందు బ్రేకు ఎలా పట్టేదో తర్వాత చెప్పడం అంత సులభం కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. సొంత కారుకు తొలి తనిఖీ అయిదో ఏట, పదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఉండాలి. చూడవలసినవి బ్రేకులు, టైర్లు, దీపాలు, స్టీరింగు, సీటు బెల్టులు. పరీక్షించేవాడికి మరమ్మతులతో సంబంధం ఉండరాదు. ఫలితాన్ని మనిషి రాయకుండా యంత్రమే నమోదు చేయాలి. వాణిజ్య వాహనాల కోసం వస్తున్న ఆటోమేటెడ్ కేంద్రాలు జిల్లా జిల్లాకూ చేరాకే ఈ నియమం అమలులోకి రావాలి. అది వచ్చిన రోజున వయసు నిషేధం పోవాలి. పరీక్షలో నెగ్గిన బండి తిరగాలి, ఓడినది అయిదేళ్లదైనా ఆగాలి.

మోటారు వాహనాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశం. నియమం రాసేది ఢిల్లీ, మనుషుల్ని నియమించవలసింది రాష్ట్రం. ఒకరి మీద ఒకరు నెపం వేసుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. మనం కొన్న కారు మన ఆస్తే. కానీ దాని బ్రేకు మీద ఆధారపడి రోడ్డు దాటుతున్న మనిషి ఆ కారు కొనలేదు, దాని కాగితాలు చూడలేదు, దాని యజమానిని ఎరగడు. అతని తరఫున ఆ బండిని చూడగలిగింది ప్రభుత్వం ఒక్కటే. పదిహేనేళ్లకోసారి చూస్తే చాలునని అతన్ని ఎవరూ అడగలేదు.