చూడని ఊరి బొమ్మ

బెజవాడ పటమటలో పెరిగినవాడిని బ్యాంకాక్‌లో మొదట పలకరించేది కొత్తదనం కాదు. చైనాటౌన్ దాటి చావ్ ప్రయా నది వైపు దిగితే తలాత్ నోయి అనే పాతపేట వస్తుంది. అక్కడ పాత ఇంజన్లు విప్పి గేర్లూ, బేరింగులూ, షాఫ్టులూ కొట్ల ముందు కుప్పలు పోస్తారు. నేలలోకి పాత ఆయిల్ ఇంకి ఇంకి నల్లబడి ఉంటుంది. ఆ వాసన తగలగానే ముక్కు ఇది మా ఆటోనగరే అని తేల్చేస్తుంది. పక్క సందులో ఎర్ర లాంతర్లు వేలాడే చైనా గుడి కనబడ్డాక గాని కళ్లు ఆ మాట కొట్టిపారెయ్యవు.

ఇంత దూరం వెళ్లి ఇంటి వాసన గుర్తుపట్టడం యాత్రకు లోపమనేవారున్నారు. నాకలా తోచదు. పరాయి ఊళ్లో మన చూపు నిలిచేది ముందే కాస్త పరిచయమున్న వాటిమీదే. సేన్ సేప్ కాలువలో పడవ ఎక్కినప్పుడూ నాకు అదే అనిపించింది. సయాం (నేటి థాయ్‌లాండ్) రాజు మూడో రామ 1837లో సైన్యపు రాకపోకల కోసం తవ్వించడం మొదలుపెట్టిన కాలువ అది. ఇవాళ ఆఫీసులకు వెళ్లేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. హెల్మెట్ పెట్టుకున్న కండక్టరు పడవ అంచు మీద, బయటివైపు నుంచే నడుస్తూ డబ్బులు వసూలు చేస్తాడు. ఎదురు పడవ వస్తే అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి టార్పాలిన్ పైకెత్తుతారు, నీళ్లు మీద పడకుండా. పక్కాయన లాగుతుంటే నేనూ లాగాను. ఒకప్పుడు మన బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా కాకినాడకూ, ఇటు కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసుకూ పడవలు నడిచాయి. మన ఊరికి గతమైపోయినది మరో ఊళ్లో వర్తమానంగా సాగిపోతోంది. పెద్దల నోట వినవలసినదాన్ని అక్కడ టిక్కెట్టు కొని ఎక్కవచ్చు.

అయితే వెళ్లి చూస్తేనే ఒక ఊరు తెలుస్తుందా? బందరు సంగతి తలచుకుంటే ఆ నమ్మకం కాస్త సడలుతుంది. 17వ శతాబ్దంలో బందరు రేవు నుంచి బట్టల మూటలు ఓడల్లో మెర్గుయి రేవు చేరి, అక్కడి నుంచి కొండలూ అడవులూ దాటి సయాం రాజధాని అయుత్థయకు వెళ్లేవి. బ్యాంకాక్ రాజధాని కావడం 1782లో, అంటే చాలా తరువాతి మాట. సయాం రాజులు తమ ఉద్యోగులకు హోదాను బట్టి అద్దకపు బట్టలు బహూకరించేవారు. వాటి మీద కోసుగా లేచిన కిరీటాలతో, ముకుళించిన చేతులతో దేవతలు, చుట్టూ జ్వాలల్లాంటి అంచులు. నమూనాలు సయాం నుంచే వచ్చేవి. వాటిని అద్దినవాళ్లు మన కోరమాండల్ తీరపు పనివాళ్లు.

ఆ పని తీరు చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరవేస్తారు. ఇనుప తుప్పూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్లతో నల్ల గీతలు గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆ తరువాత చిరివేరుతో కలిపి ఉడకబెడితే పటిక తగిలిన చోటల్లా ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. నిజాంపట్నం వైపు ఇసుకనేలల్లో దొరికే వేరుకు ఆ రోజుల్లో గొప్ప పేరు. ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పటిక పూసే ఘట్టం. అప్పటికి ఎరుపు జాడే ఉండదు. చూడని దేశపు దేవతను, ఇంకా కనబడని రంగుతో తీర్చాలి. కలం ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి.

అలాంటి గుడ్డనొకదాన్ని మ్యూజియం అద్దం వెనక చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అయుత్థయ వీధులు తిరిగిన వర్తకుడికి ఆ కిరీటం గీయడం రాదు. గీసినవాడు ఆ వీధులు తొక్కలేదు. వీళ్లిద్దరిలో ఆ దేశం ఎవరికి దగ్గర? వర్తకుడికని చప్పున అనేస్తాం. కాని కిరీటపు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడుతుందో అద్దకం పనివాడు ఒక్కొక్క గుడ్డ మీదా మళ్లీ మళ్లీ తేల్చుకోవలసి వచ్చింది. అంత ఓపికగా ఆ దేశాన్ని చూసిన యాత్రికుడు ఉంటాడా అని నా సందేహం.

బొమ్మ సరిగ్గా కుదిరిందని చెప్పేవాళ్లు అతని ఊళ్లో లేరు. ఓడ గాలివాటు చూసుకుని వెళ్లాలి, జవాబు మళ్లీ గాలివాటునే రావాలి. తరువాతి ఏడు అదే నమూనా తిరిగివస్తే కుదిరిందనుకొని ఉంటాడు. కాస్త మార్చి పంపితే, సయాం గురించి అతనికి మరొక్క సంగతి తెలిసి ఉంటుంది: అక్కడివాళ్ల దేవత ముఖం ఇంకొంచెం కోలగా ఉండాలని.