హుస్సేన్‌సాగర్ ఒడ్డున కార్ల పందెం – నా చేతిలో కెమెరా

మా వన్ టౌన్‌లో వేగంగా పోయే బండి అంటూ ఉండదు. పంజా సెంటర్‌లో ఆటో ఎక్కి కాళేశ్వరరావు మార్కెట్‌కి బయల్దేరితే, నడిచి వెళ్ళినవాళ్ళు కూరలు కొనుక్కుని ఎదురొస్తారు. అలాంటి చోట పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న నేను పందెం కార్లకి ఫోటోలు తీశానంటే మా తోడికోడలు కూడా నమ్మలేదు. అందుకే రాస్తున్నా.

మావారికి మా వీధిలోనే ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళయిన కొత్తలో చీకటి గదిలో ప్రింట్లు కడిగి, తీగ మీద ఆరేసే పని నాది. కెమెరా మాత్రం ఏనాడూ పట్టుకోలేదు. 2021లో ఆయన చేతులకి వణుకు మొదలైంది. మందులు వాడుతున్నా పూర్తిగా తగ్గలేదు. ఒక పెళ్ళిలో జీలకర్ర బెల్లం ఫోటోలన్నీ చెదిరిపోయాయి. పెళ్ళివారు అన్నమాట ఇక్కడ రాయను గానీ, ఆ నెలలోనే స్టూడియో మూసేశారు. కెమెరాలు బీరువాలోకి, ఆయన వాలుకుర్చీలోకి.

2023 జనవరిలో హైదరాబాద్ నుంచి మా మరిది ఫోను. "వదినా, ఇక్కడ ఫార్ములా ఈ పందెం పెడుతున్నారు. టిక్కెట్లు తీశాను, అన్నయ్యని తీసుకురా" అని. ఈయన రానంటే రానన్నారు. "సరే, నేనే వెళ్ళి ఫోటోలు తీసుకొస్తా" అన్నాను, ఊరికే ఉడికించడానికి. "నీకు షట్టరంటే తెలుసా?" అన్నారు. రెండేళ్ళలో ఆయన నోట కెమెరా మాట రావడం అదే మొదలు. ఇక వదల్లేదు నేను.

పెద్ద కెమెరాలు గేటు దగ్గర ఆపేస్తారేమోనని, లెన్సు విడిగా ఊడిరాని జూమ్ కెమెరా ఒకటి బీరువాలోంచి తీశారు. మీట జరిపితే దాని లెన్సు జానెడు ముందుకొచ్చి టెలిఫోటో లెన్సులా పనిచేస్తుంది. ఇందులో ఒక తిరకాసుంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చినట్టే, మన చేతి కదలికనీ అన్ని రెట్లు పెంచి చూపిస్తుంది. పైగా అందులోంచి చూస్తే గుమ్మంలోంచి కాదు, తాళం చెవి కన్నంలోంచి చూసినట్టుంటుంది. పక్కనుంచి ఏమొస్తోందో తెలియదు.

రెండు వారాలు సాధన చేశాను. ముందు మా డాబా మీద నుంచి పాలవాడి సైకిలు, తర్వాత కనకదుర్గ ఫ్లైఓవర్ కింద రోడ్డు పక్కన నిలబడి బస్సులు. మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి, పాదాలు కదపకూడదు, బండితోపాటు నడుము తిరగాలి. బొత్తం నొక్కాక కూడా ఆగిపోకుండా తిరుగుతూనే ఉండాలి. మొదట్లో నొక్కగానే ఆగిపోయేదాన్ని. బస్సు సగమే పడేది.

ఫిబ్రవరి 10న పులిహోర కట్టుకుని సాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మర్నాడు పందెం. ఫార్ములా ఈ అంటే పెట్రోలు లేకుండా కరెంటు బ్యాటరీతో నడిచే కార్ల ప్రపంచ పోటీ. 2014లో బీజింగ్‌లో మొదలైంది, మన దేశానికి రావడం అదే మొదటిసారి. దీనికోసం ప్రత్యేకంగా ట్రాక్ కట్టలేదు. ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, లుంబినీ పార్కు చుట్టూ మనం తిరిగే రోడ్లకే అటూ ఇటూ కాంక్రీటు గోడలు, పైన ఇనప వల కట్టారు. చుట్టు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18, కార్లు 22. ఆ కార్లు గంటకి 322 కిలోమీటర్ల దాకా పోగలవట. కొత్త సచివాలయం అప్పటికింకా తెరవలేదు.

పెద్ద రొద ఉంటుందని చెవుల్లో పెట్టుకోడానికి దూది తీసుకెళ్ళాను. అవసరమే రాలేదు! ఖాళీ మిక్సీ తిప్పితే వచ్చే కూత లాంటిది వినిపించేలోపే కారు దాటిపోతుంది. చప్పుడును బట్టి సిద్ధపడే వీలు లేదు. పొద్దున అర్హత పోటీల్లో తీసినవన్నీ ఖాళీ రోడ్లే. లేదంటే కారు బదులు ఇనప వల స్పష్టంగా పడింది. షట్టరు బాగా వేగంగా, సెకనులో వెయ్యో వంతు పెడితే ఒక కారు దొరికింది గానీ, చక్రాలు కూడా నిలిచిపోయి, మెకానిక్ షెడ్డు ముందు ఆపిన కారులా ఉంది.

"125వ వంతుకి తగ్గించు. వేగంగా పోయేచోట కాదు, మలుపు దగ్గర వేగం తగ్గించుకునేచోట చూడు. కారు వచ్చే దారిలో రోడ్డు మీద మచ్చ ఏదైనా చూసుకుని, బొత్తం సగం నొక్కి ఫోకస్ పట్టి ఉంచు" అన్నారు. అంటూ నా భుజం మీద చెయ్యి వేశారు.

"చెయ్యి తియ్యండి, కెమెరా కదులుతోంది" అనేశాను.

తీసేశారు. ఏమీ అనలేదు. ఆ పెళ్ళివారి మాటకీ నా మాటకీ తేడా ఏముంది? పులిహోర డబ్బా తెరిచి ఇచ్చాను, తర్వాత తింటానన్నారు.

మధ్యాహ్నం మూడింటికి పందెం మొదలైంది. నేను ఆ కన్నంలోంచి చూస్తూ గుడ్డిదానిలా నిలబడ్డాను. అప్పుడు వెనకనుంచి ఆయన గొంతు. "ఎర్రది వస్తోంది... తిరుగు... ఇప్పుడు." నొక్కాను. "తర్వాత రెండు కలిసి... మొదటిది వదిలెయ్... ఇప్పుడు." నాకు కనిపించనిది ఆయనకి కనిపిస్తోంది. వేల పెళ్ళిళ్ళలో తాళి కట్టే క్షణం పట్టిన కన్ను కదా! ఒక మలుపులో జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయట. జనం కేకలు వేస్తున్నా మేం చూడలేదు, తర్వాత మరిది చెప్పాడు. గెలిచింది ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్, నలుపూ బంగారు రంగుల కారులో.

నాలుగు వందల పైచిలుకు నొక్కితే నిలిచినవి ఐదు. వాటిలో ఒకటి ఆ నలుపు బంగారు రంగుల కారే. ముక్కు సూదిలా పదునుగా పడింది, తోక కొంచెం సాగింది. వెనక గోడా జనమూ రంగుల చారలైపోయాయి. ఆ జట్టుకి అలాంటివి రెండు కార్లు. ఇది గెలిచినదా, రెండోదా అని మావారూ మరిదీ ఆ రాత్రి అన్నాలు చల్లారేదాకా వాదించుకున్నారు. పడుకోబోయే ముందు నేనే ఆయన చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను.

2024లో మళ్ళీ వెళ్దామనుకున్నాం గానీ, ఆ ఏడు జనవరిలో పందెం రద్దు చేశారు. ఇప్పుడు మా సాధన ఆదివారం పొద్దున్నే కృష్ణ ఒడ్డున, కొంగల మీద. ఆయన "ఇప్పుడు" అంటారు, నేను నొక్కుతాను. కార్లే నయం, చెప్పిన దారిన వచ్చేవి.