మా కారులో కరెంటు దొంగ

పాత కారు పొద్దున్నే స్టార్ట్ కాకపోతే మనవాళ్ళు ఇచ్చే మొదటి సలహా "బ్యాటరీ మార్చెయ్". రెండోది "ఆల్టర్నేటర్ మార్చెయ్". మూడోది "కారే మార్చెయ్". నాకు ఈ మూడూ ఒకే చలికాలంలో వచ్చాయి.

మాది 2005 నాటి సెడాన్. రోజూ తిప్పినన్నాళ్ళూ మహా బుద్ధిమంతురాలు. శని, ఆదివారాలు కదలకుండా ఉందా, సోమవారం తాళం తిప్పితే టిక్ టిక్ టిక్... అంతే! మేముండేది మిన్నెసోటాలో. బయట మైనస్ 20. మా ఆవిడకి ఆసుపత్రి ల్యాబులో తెల్లవారుజామున 5 గంటల డ్యూటీ. ఆ వేళకి మా పేటలో బస్సుండదు. ఇంటి దగ్గరంటే జంపర్ కేబుళ్ళతో లేపుతాం. ఎక్కడో ఖాళీ పార్కింగులో, ఆ చలిలో, తనొక్కతే ఉన్నప్పుడు మొరాయిస్తే?

గ్యారేజీలో బ్యాటరీ మార్చారు. మూడు వారాలకి మళ్ళీ అదే కథ. ఈసారి ఆల్టర్నేటర్ పోయిందన్నారు, 700 డాలర్లట.

అప్పుడు మా నాన్న మా దగ్గరే ఉన్నారు. ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి. మంకీ క్యాపు సర్దుకుంటూ అంతా విని, "ఒరేయ్, నెలాఖరుకి చేతిలో డబ్బు నిలవట్లేదంటే జీతమైనా చాలకపోవాలి, ఖర్చైనా ఎక్కువవ్వాలి. ఏదో ముందు చూసుకో" అన్నారు.

20 డాలర్లు పెట్టి మల్టీమీటరు తెచ్చాను. ముందు జీతం. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.3 వోల్టులు. 13.8, 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగానే ఉన్నట్టు.

ఇక ఖర్చు. ఇంజనాపి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌తో కలిపాం. మీరూ చేస్తే మీటరు అలా ఉండగా బండి మాత్రం స్టార్ట్ చేయకండి. స్టార్టరు మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజుల పెట్టె డ్రైవరు వైపుంది కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంచి, గొళ్ళాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు బండిని నమ్మించాం. లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంట ఆగాం.

అంకె 0.42 ఆంపియర్ల దగ్గర ఆగింది. ఉండాల్సింది 0.05 లోపు! అంటే రోజుకి 10 ఆంపియర్ అవర్లు గోవిందా. మాది 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, రెండున్నర రోజుల్లో దాదాపు సగం ఖాళీ. దానికి తోడు మైనస్ 18 దగ్గరికొచ్చేసరికి బ్యాటరీకి ఇంజను తిప్పే సత్తువ సగానికి పడిపోతుంది. ఎండాకాలంలో ఈ లీకు ఉన్నా తెలిసేది కాదు.

ఆల్టర్నేటర్‌లో డయోడు పాడైనా ఇలా కారుతుంది. దాని తీగ విడదీసి చూశాం. 0.42 కదల్లేదు. 700 డాలర్లు అక్కడే మిగిలాయి. తర్వాత నేను ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం, నాన్న మీటరు చదవడం. లోపలి దీపాల ఫ్యూజు పీకగానే "0.03! దొరికాడ్రా!" అని కేక.

పైదీపం ఆరే ఉంది. గ్లవ్ బాక్సుదీ అంతే. మిగిలింది డిక్కీ. మూసేస్తే లోపల ఏమవుతోందో ఎవరు చూడొచ్చారు? ఫ్యూజు మళ్ళీ పెట్టి, వీడియో ఆన్ చేసిన ఫోను లోపల వేసి డిక్కీ మూశాం. తీసి చూస్తే నిమిషం పాటు దేదీప్యమానంగా వెలుగు! గొళ్ళెంలోని స్విచ్ పట్టేసింది. 5 వాట్ల బల్బు, 12 వోల్టులు, అంటే 0.4 ఆంపియర్లు. లెక్క అణాపైసలతో సరిపోయింది. ఆ రాత్రే బల్బు పీకేశాను, స్విచ్ తర్వాత మార్చాను.

మెమరీ లీకున్న సర్వర్ని రోజూ రీస్టార్ట్ చేసినట్టే ఉంటుంది బ్యాటరీ మార్చడం కూడా. కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది, జబ్బు ఎక్కడిదక్కడే. పైగా మాటిమాటికీ పూర్తిగా ఖాళీ అయితే కొత్త బ్యాటరీ కూడా త్వరగా ముసలిదైపోతుంది. కాబట్టి పార్టు కొనేముందు ఆ రెండు అంకెలూ చూసుకోండి, జీతమెంత, ఖర్చెంత.

అన్నట్టు, ఆ మల్టీమీటరుని నాన్న ఇండియా వెళ్తూ సూట్‌కేసులో సర్దేసుకున్నారు. నేను ఇంకోటి కొనుక్కున్నాను.